ప్రాచీనగాన ప్రయోగాధ్యయనము : యువగాయకుని సాహసము

సంగీతవిద్యార్థికి గురువు నేర్పిన పాఠమే ప్రమాణము. ఇది మన దేశమున తరతరములుగా వచ్చుచున్న ధర్మము. అట్టి విద్యార్థి యొకడు ఇరువది, ఇరువదియైదేండ్ల ప్రాయమున, కచేరికి తగిన సాధన చాలవఱకు ముగిసిన తరువాత, తాను పాడుచున్న సంకీర్తన పుట్టిన నాడు ఎట్లు పాడబడెనని ప్రశ్నించుకొని, ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకే పూనుకొన్నచో దానిని సాహసమనియే చెప్పవలెను. చేతికి వచ్చిన విద్యను కొంతకాలము ప్రక్కకు నెట్టి, శిథిలములైన లిపులను, అపరిచితములైన లక్షణగ్రంథములను ఆశ్రయింపవలసి యుండును. గురువుచే నేర్చిన దానిని గురువు ఎదుటనే ప్రశ్నింపవలసిన ఘట్టములును రావచ్చును. జీవిక విషయమున భరోసా యుండదు.

పాశ్చాత్యదేశములలో ఈ విద్యకు ప్రత్యేక పాఠశాలలు, పట్టములు, శ్రోతలు ఏర్పడి చాలకాలమైనది. తెలుగువారికి ఇట్టి యధ్యయనమునకు కావలసిన సామగ్రి సమృద్ధిగా నున్నను, దానిని అనుష్ఠించుటకు తగిన మార్గము స్పష్టపడలేదు. ఆ సామగ్రి ఎట్టిది, యువగాయకుడు దానిని ఏ క్రమమున ఉపయోగింపవలెను, ఈ పనిలో తెలుగుశాఖలకు గల బాధ్యత యెంత అను మూడు విషయములను ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

చర్చకు ఒక ఆధారముండుటకై, నెల్లూరు జిల్లా పశ్చిమమున, ఉదయగిరి ఆత్మకూరు ప్రాంతములలో, వెలిగొండల చెంతనున్న సీతారామపురమునుండి అట్టి యువకుడొకడు బయలుదేరినాడని అనుకొందము. పట్టణమున గురువు నొద్ద గాత్రము నేర్చినాడు. ఊరిలో భజనలు, కోలాటపు పాటలు విని పెరిగినాడు. అతనికి మహానగరములలోని గ్రంథాలయములు దూరము కావచ్చును గాని అతని విషయము మాత్రము దూరము కాదు. కొండలకు ఆవల, రాజంపేట చెంత, అన్నమాచార్యుని తాళ్ళపాక యున్నది. ఈవల కందుకూరు, సుగ్రీవవిజయకర్త రుద్రకవి పేరుతో ముడివడి యున్నది. నడుమ ఉదయగిరి దుర్గము నిలిచి యున్నది. ఈ మూడును మన చర్చలో వరుసగా ఉపకరింపగలవు.

1. అధ్యయన స్వరూపము

ప్రాచీనగాన ప్రయోగాధ్యయనము సంగీతచరిత్రయు కాదు, కచేరి శిక్షణయు కాదు. చరిత్రకారుడు గ్రంథమును చదివి, కాలమును నిర్ణయించి, తన నిర్ణయమును వ్రాసి ముగించును. కచేరి గాయకుడు గురుముఖమున వచ్చిన దానిని తన ప్రతిభతో పెంచి పాడును. ప్రయోగాధ్యేత ఈ యిరువురి పనిని ఒక్కచోట చేర్చును. అతడు గ్రంథమును చదువును. చదివినది కంఠమున పలుకునో లేదో పరీక్షించును. పలుకనిచో మరల గ్రంథమునకు పోవును. అతని సిద్ధాంతమునకు రుజువు గానమే. అతని గానమునకు ఆధారము సాక్ష్యమే.

ఐరోపాలో ఈ ఉద్యమమునకు తొలి యాచార్యులలో ఆర్నాల్డ్ డోల్మెచ్ (1858-1940) ముఖ్యుడు. అతడు పాత వాద్యములను బాగుచేసి, క్రొత్తవి నిర్మించి, పదునేడు, పదునెనిమిది శతాబ్దుల సంగీతమును ఆనాటి లక్షణగ్రంథముల ననుసరించి ఎట్లు వాయింపవలెనో 1915లో ఒక గ్రంథమున వివరించెను. 1933లో స్విట్జర్లాండునందలి బాసెల్ నగరమున ఇదియే ప్రధానవిషయముగా స్కోలా కాంటోరుమ్ అను విద్యాలయము వెలసినది. 1947లో గుస్తావ్ లియోన్‌హార్ట్ అను డచ్చి యువకుడు, తన పందొమ్మిదవ యేట, అచటికి పోయి హార్ప్సికార్డు అను పాత తంత్రీవాద్యమును అభ్యసించెను. ఆనాటికి ఆ వాద్యముతో జీవిక గడచునను నమ్మకమున్నవారు అరుదు. తరువాత అతడు వియెన్నా చేరి, గ్రంథాలయమున కూర్చుండి, ప్రాచీన లక్షణగ్రంథములను, స్వరలేఖనములను స్వహస్తముతో ప్రతులు వ్రాసికొనెను. అదే నగరమున నికొలాస్ హార్నన్‌కూర్ (1929-2016) పగలు ఆధునిక వాద్యబృందమున చెలో వాయించుచు, 1953లో పాత వాద్యములతో ఒక చిన్న మేళమును స్థాపించెను. ఆ మేళము బహిరంగసభకు వచ్చినది 1957లో. నాలుగేండ్లు వారు వినువారు లేక సాధన చేసిరి. 1971 మొదలు 1990 వఱకు ఈ యిరువురును కలసి బాఖ్ రచించిన మతగేయముల నన్నిటిని పాతపద్ధతిని ధ్వనిముద్రణము చేయించిరి.

ఈ వృత్తాంతములనుండి మనము గ్రహింపదగినవి రెండు. మొదటిది, ఆ సాహసము వెనుక నున్నది ఆవేశము కాదు, ఓర్పు. రెండవది, వారిలో ఎవరును కంఠమునో వాద్యమునో విడిచి గ్రంథమును పట్టలేదు. గ్రంథమును విడిచి వాద్యమును పట్టలేదు.

2. అవిచ్ఛిన్నసంప్రదాయ వాదము

ఇచట ఒక ఆక్షేపణ సహజముగా పుట్టును. ఐరోపాలో పాతసంగీతము మధ్యలో తెగిపోయినది కావున దానిని పునరుద్ధరింపవలసి వచ్చెను; మన సంగీతము గురుశిష్యపరంపరచే అవిచ్ఛిన్నముగా వచ్చుచున్నది కావున మనకట్టి విద్యతో పని లేదు అని కొందరందురు. ఈ వాదమున సగము సత్యమున్నది. పరంపర తెగలేదు. కాని తెగకపోవుట వేరు, మారకపోవుట వేరు. ఏరు ఎండకపోయినను పాయ మారవచ్చును గదా!

మార్పునకు నిదర్శనములు కావలసినన్ని యున్నవి. నేటి కచేరిలో గాత్రమునకు తోడుగా నుండు వయొలిన్, బాలుస్వామి దీక్షితులు (1786-1858) మొదలగువారి కృషిచే పందొమ్మిదవ శతాబ్దినాటికి మనదైనది. అన్నమాచార్యుడు (1408-1503) దానిని వినియుండడు. ఒక పల్లవిని సంగతులతో క్రమముగా పెంచి పాడు పద్ధతి త్యాగరాజు (1767-1847) కృతులలో ప్రసిద్ధికెక్కినది. వర్ణముతో మొదలిడి మంగళముతో ముగియు నేటి కచేరి క్రమము ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున అరియక్కుడి రామానుజయ్యంగారి వంటి వారిచే స్థిరపడినది. నేడు సభారంజకమని పేరొందిన కల్యాణిని, పదునేడవ శతాబ్దిలో వేంకటమఖి తన చతుర్దండిప్రకాశికలో తురుష్కులకు ప్రియమైనదిగా పేర్కొని, గీతప్రబంధాదులకు తగదనెను. రెండు శతాబ్దులైనను గడువకముందే ఆ రాగమున మహాకృతులు వెలసినవి. సంప్రదాయము జీవించియున్నది గనుకనే మారినది. మారినదని తెలిసికొనుట సంప్రదాయమునకు అపచారము కాదు.

3. ముఖారి : ఒక నిదర్శనము

మార్పు ఎంత దూరము పోగలదో ఒక రాగమును తీసికొని చూపుదుము. తాళ్ళపాక రేకులపై తఱచుగా కనిపించు రాగనామములలో ముఖారి యొకటి. మన యువకుడు ముఖారి యని శీర్షికగల ఒక సంకీర్తనను పాడదలచినాడనుకొందము. గురువు నొద్ద నేర్చిన ముఖారి అతనికి బాగుగా తెలియును. అది ఖరహరప్రియ జన్యము. ఆరోహణమున చతుశ్రుతి ధైవతమును, అవరోహణమున శుద్ధధైవతమును పలుకును. కరుణరసమునకు ప్రసిద్ధము. ఆ రాగమున సంకీర్తనను కూర్చుట అతనికి ఒకనాటి పని.

కాని, రామామాత్యుడు అళియరామరాయల ప్రేరణమున 1550లో రచించిన స్వరమేళకళానిధిని అతడు తెఱచినచో, అచట వర్ణితమైన ఇరువది మేళములలో మొట్టమొదటిది ముఖారియే. అందు సప్తస్వరములును శుద్ధస్వరములే. నేటి పరిభాషలో చెప్పవలెనన్న అది కనకాంగి మేళమునకు సమానము. శుద్ధరిషభము వెంటనే శుద్ధగాంధారము, శుద్ధధైవతము వెంటనే శుద్ధనిషాదము వచ్చును. ఈ గాంధారము నేటివారు చతుశ్రుతిరిషభమని వ్యవహరించు స్థానముననే పలుకును. వేంకటమఖియు ముఖారినే ప్రథమమేళముగా గ్రహించెను. అనగా పదునారు, పదునేడు శతాబ్దులలో శాస్త్రకారులకు ముఖారి యనగా స్వరవ్యవస్థకే మూలమైన మేళము. తరువాతి కాలమున ఆ స్వరస్థానములు శుద్ధముఖారి యను పేరుతో ఒక మూలకు ఒదిగినవి. ముఖారి యను పేరు మఱియొక రూపమునకు సంక్రమించినది.

అన్నమాచార్యుడు పరమపదించిన నలువదియేడేండ్లకు రామామాత్యుని గ్రంథము పుట్టినది. కాలమును బట్టి చూచినచో సంకీర్తనకు నేటి ముఖారికంటె రామామాత్యుని ముఖారియే సమీపము. అయినను రామామాత్యుడు శాస్త్రకారుడు, అన్నమాచార్యుడు వాగ్గేయకారుడు. గ్రంథమునందలి మేళమే దేవాలయమునందలి గాయకుని నోట నుండెనని వెంటనే నిశ్చయింపరాదు. కావున యువకుని యెదుట రెండు మార్గములున్నవి. నేటి ముఖారిని గైకొన్నచో పరంపర బలము కలుగును. రామామాత్యుని ముఖారిని గైకొన్నచో కాలసామీప్యము సిద్ధించును. మా యభిప్రాయమున అతడు రెండు విధములను సాధన చేయవలెను. మొదటిది నాలుకకు అలవడినది. రెండవది మొదట విరసముగా తోచును. నెలలకొలది శుద్ధగాంధార, శుద్ధనిషాదములను సాధన చేసిన పిమ్మటగాని ఆ విరసత రాగమునదో, తన యలవాటుదో అతనికి తెలియదు. ఈ వివేకమును ఏ గ్రంథమును ఈయజాలదు. చరిత్రపఠనముకంటె ప్రయోగాధ్యయనము అధికముగా నిచ్చునది ఇదియే.

4. తాళ్ళపాక రేకులు : రాళ్ళపల్లివారి మార్గము

తాళ్ళపాకవారి సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి తిరుమల దేవాలయమునందలి సంకీర్తనభాండారమున శతాబ్దుల తరబడి నిలిచినవి. ఇరువదవ శతాబ్దిలో వెలికి వచ్చి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి మొదలగు విద్వాంసుల కృషిచే లోకమునకు తెలియవచ్చినవి. ముప్పదిరెండువేల సంకీర్తనలను అన్నమాచార్యుడు రచించెనని ప్రసిద్ధి. లభించినవి పండ్రెండువేలకు పైబడినవి.

రేకులపై నున్నదేమి? సంకీర్తనపాఠమున్నది, దాని తలకట్టున రాగనామమున్నది. చాలవఱకు తాళనామము లేదు. ఆ సంకీర్తనలకు స్వరలేఖనము లేదు. రాగనామములలో శ్రీరాగము, బౌళి, ఆహిరి, సామంతము, లలిత వంటి పరిచితములతోపాటు అబాలి, అమరసింధు, కొండమలహరి వంటి, నేటి గాయకుని సాధనలో లేని పేర్లును కలవు. కావున నేడు సభలలో వినబడుచున్న అన్నమాచార్యసంకీర్తనల మట్లు చాలవఱకు ఇరువదవ శతాబ్దిలోను ఆ తరువాతను కూర్చబడినవే. ఈ సంగతి పండితులకు సువిదితము. శ్రోతలలో అనేకులకు తెలియదు. కొందరు విద్యార్థులును దీనిని గమనింపక, వినికిడి మట్టునే మూలముగా భావించి పరిశోధనవ్యాసములు వ్రాయుచున్నారు. ప్రమాదము మట్టు క్రొత్తదగుటలో లేదు, క్రొత్తదని మఱచుటలో నున్నది.

ఈ విషయమున మన యువకునికి ఆదర్శముగా నిలువదగినవారు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు (1893-1979). అనంతపురము జిల్లా రాళ్ళపల్లిలో పుట్టి, బాల్యముననే సంస్కృతవిద్యకై మైసూరు చేరి, పరకాలమఠమున కావ్యనాటకాలంకారములను చదివిరి. అదే నగరమున బిడారం కృష్ణప్పగారి వంటి విద్వాంసుల నొద్ద సంగీతమును అభ్యసించిరి. 1912 మొదలు సుమారు నాలుగు దశాబ్దులు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిరి. అటుపిమ్మట తిరుపతి చేరి అన్నమాచార్యుని సంకీర్తనలను పరిష్కరించి, పెక్కింటికి స్వరరచన చేసిరి. జాయపసేనాని పదుమూడవ శతాబ్దిలో సంస్కృతమున రచించిన నృత్తరత్నావళిని తెలుగున అనువదించిరి. 1974లో మద్రాసు సంగీతవిద్వత్సభ వారిచే సంగీతకళానిధి బిరుదమును పొందిరి.

ఈ జీవితమున గమనింపదగినది అంశముల కూర్పు. కుగ్రామమునుండి బాలుడు పరరాష్ట్రమునకు పోవుట మొదటి దుముకు. సాహిత్యమును సంగీతమును సమముగా సాధించుట రెండవది. సంకీర్తనను చేపట్టునాటికి వారి వయస్సు ఏబదియైదు దాటినది. పాఠపరిష్కారము, ఛందస్సు, లక్షణగ్రంథము, గానము అను నాలుగు విద్యలు ఒక్క వ్యక్తియందు పక్వమగుటకు అన్ని యేండ్లు పట్టినవి. వారు కూర్చిన మట్లు వారి రచనలే. వానికి తాళ్ళపాక మూలమని వాదింప నక్కఱలేదు. సంకీర్తనపాఠమును చెఱుపక, రాగనామమును గౌరవించి, మాట విఱుగకుండ పాడుట వారి మట్లలో కనబడును. తరువాత 1978లో తిరుమల తిరుపతి దేవస్థానమువారు అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పిరి. ఆ యేడాదియే అందు చేరిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు (1948-2025) అప్పటికి ముప్పదియేండ్ల యువకులు. వారు ఆరువందలకు పైగా సంకీర్తనలకు మట్లు కూర్చిరి. వీరి కృషిచే సంకీర్తన రేకునుండి కంఠమునకు వచ్చినది. ఇక తరువాతి తరమువారు చేయవలసిన పని వేరు. కంఠమునకు వచ్చినదానిలో రేకు భాగమెంత, కూర్చినవారి భాగమెంత అని విడదీసి చూపుట, ఆ వివేకముతో మరల పాడుట వారి వంతు.

5. మాట దాచిన తాళము : సుగ్రీవవిజయము

స్వరలేఖనము లేనిచోట గానము పూర్తిగా నశించినదని నిరాశ చెందరాదు. మట్టు పోయినను, లయ చాలవఱకు మాటలో దాగియుండును. దీనికి మన యువకుని యింటి చెంతనే చక్కని నిదర్శనమున్నది. కందుకూరి రుద్రకవి పదునారవ శతాబ్దిలో రచించిన సుగ్రీవవిజయము, లభించిన తెలుగు యక్షగానములలో ప్రాచీనమని ప్రసిద్ధము. అందు త్రిపుట, జంపె మొదలగు తాళముల పేర్లతోనే రచనాభాగములు కలవు. ద్విపదలు, ఏలలు, ధవళములు కూడ కలవు. అప్పకవి తన లక్షణగ్రంథమున (1656) యక్షగానమునకును రగడభేదములకును గల సంబంధమును చెప్పెను.

ఛందశ్శాస్త్రము తెలిసిన విద్యార్థి త్రిపుట భాగమును తీసికొని మాత్రలు లెక్కించినచో, మూడును నాలుగును కలసి ఏడుమాత్రల నడక బయల్పడును. అది వృషభగతి రగడ నడకయే. జంపె భాగమున ఐదేసి మాత్రల గణములు కనబడును. అది ద్విరదగతి నడక. గురువు చెంత నేర్చిన తాళమును చేత వేయుచు, ఈ పాఠమును స్వరము లేకయే చదివినచో, యతి పడుచోట చేయి ఎచట పడుచున్నదో తెలియును. ప్రాస తిరిగి వచ్చుటతో ఆవర్తము తిరిగి వచ్చుట ఎచట కలియుచున్నదో, ఎచట కలియకున్నదో కూడ తెలియును. దీర్ఘమైన అచ్చును పొట్టిగా, హ్రస్వమును బారుగా లాగి పాడవలసి వచ్చినచో, తాళమును తప్పుగా గ్రహించితిమేమో అని సందేహింపవలెను.

ఈ పరీక్ష తాళ్ళపాక సంకీర్తనలకును వర్తించును. అన్నమాచార్యుని సంస్కృత సంకీర్తనలక్షణము నేడు లేదు. అయినను దాని ననుసరించి మనుమడు చినతిరుమలాచార్యుడు తెలుగున రచించిన సంకీర్తనలక్షణము లభించుచున్నది. పదరచనకును యతిప్రాసాదులకును గల సంబంధమును తెలిసికొనుటకు అది దారి చూపును. తాళనామము లేని సంకీర్తనకు నేటి గాయకుడు తోచిన తాళము పెట్టుటకు ముందు, పాఠమే ఏ నడకను కోరుచున్నదో విచారింపవలెను. ఇట్టి విచారణకు సంగీతపాఠశాలలో శిక్షణ చాలదు. తెలుగు ఛందస్సు, సంధి, పదవిభాగము తెలిసినవారే దీనిని నడపగలరు.

మఱియొక హెచ్చరిక యవసరము. నెల్లూరు సీమలోని తోలుబొమ్మలాటలు, భజనలు, కోలాటములు మొదలగు జానపదరూపములయందు ద్విపదగానమును, త్రిపుటజంపెల నడకలను వినవచ్చును. వానిని ధ్వనిముద్రణము చేసి పోల్చుట మిక్కిలి ఉపయుక్తము. కాని పల్లెలో వినబడినదెల్ల ప్రాచీనమని తలచుట తగదు. హార్మోనియము, నాటకపద్యము, చలనచిత్రగీతము ఇరువదవ శతాబ్దిలో పల్లెను కూడ చేరినవి. జానపదగాయకుని పాట నేటి సాక్ష్యము. దానిని నాటి సాక్ష్యముతో సరిపోల్చిన పిమ్మటనే వాడుకొనవలెను.

6. ఆక్షేపణలు, కష్టములు

ప్రాచీనపద్ధతిని పాడుచున్నామను వాదమునకు పాశ్చాత్యులలోనే తీవ్రమైన ఖండనము వెలువడినది. అమెరికా విద్వాంసుడు రిచర్డ్ టరస్కిన్ (1945-2022), 1995లో ప్రకటించిన వ్యాససంపుటిలో, ప్రాచీనమని ప్రదర్శింపబడుచున్న శైలి నిజమునకు ఇరువదవ శతాబ్ది అభిరుచికే ప్రతిబింబమని వాదించెను. ఈ వాదమును మనవారును శ్రద్ధగా చదువవలెను. ఎందుకనగా సాక్ష్యము ఎంత సేకరించినను ఖాళీలు మిగులును; ఆ ఖాళీలను నింపునది నేటి మనస్సే.

ఉదయగిరి చరిత్రలోని ఒక ఘట్టము దీనికి చక్కని ఉపమానము కాగలదు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గమును గజపతులనుండి గెలిచి, అచటి బాలకృష్ణమూర్తిని విజయనగరమునకు తెచ్చి, 1515లో ప్రతిష్ఠించి ఆలయము కట్టించెను. ఆ ఆలయము నేడు హంపిలో నున్నది. మూర్తి చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రదర్శనశాలకు చేరినది. శిల యథాతథముగా శిలయే. కాని ఉదయగిరిలో జరిగిన యర్చన వేరు, విజయనగరమున జరిగినది వేరు, ప్రదర్శనశాలలో చూపరి చూచునది వేరు. సంకీర్తనపాఠము మూర్తివంటిది. గానము అర్చనవంటిది. మూర్తిని భద్రపఱుపగలము. అర్చనను ఎప్పటికప్పుడు చేయవలసినదే. అయినంత మాత్రమున పూర్వపు అర్చనాక్రమమును తెలిసికొనుట నిరర్థకము కాదు. తెలిసి చేయుటకును తెలియక చేయుటకును భేదము కలదు.

కావున మన యువకుడు తన గానమును మూడంతస్తులుగా విభజించి చూపవలెనని మా ప్రతిపాదన. మొదటిది సాక్ష్యము: రేకుపై నున్న పాఠము, రాగనామము. రెండవది అనుమానము: లక్షణగ్రంథములచేతను ఛందస్సుచేతను ఊహించిన స్వరస్థానములు, తాళము. మూడవది కల్పన: మట్టు, గమకము, అలంకారము. పాడుటకు ముందు సభవారికి ఈ మూటిని రెండు మాటలలో నివేదించినచో గానమునకు లోపము రాదు. ఈ నియమము పాటించిన గాయకుడు తప్పు చేసినను, తరువాతివాడు ఆ తప్పును దిద్దగలడు. పాటింపనివాని గానము మధురమైనను, అది విద్యకు చేర్చునది లేదు.

ఇక లోకపు కష్టములు. ఈ విద్యకు సిద్ధముగా నున్న ఉద్యోగము కనబడదు. తల్లిదండ్రులకు అర్థమగునట్లు చెప్పుటయు సులభము కాదు. గురువు నొచ్చుకొనవచ్చును. కావున కచేరివిద్యను విడువక, దాని పునాదిపైననే ఈ విద్యను కట్టుకొనవలెనని మేము సలహా యిత్తుము. హార్నన్‌కూర్ పదునేడేండ్లు ఆధునికమేళమున కొలువు చేయుచునే తన పనిని సాగించెను. శర్మగారు భాషాబోధకులుగా జీవించుచునే సంగీతమును పండించుకొనిరి. పునాది లేని సాహసము నిలువదు.

7. తెలుగుశాఖల కర్తవ్యము

ఈ చర్చ సంగీతశాఖకు చెందినదే గదా, తెలుగుశాఖకు దీనితో నేమి పని అని యడుగవచ్చును. దక్షిణదేశ సంగీతమునకు సంబంధించిన ముఖ్యాధారములలో గొప్పభాగము తెలుగుభాషలోనో, తెలుగులిపిలోనో యున్నది. తంజావూరు శాహజీ (పాలన 1684-1712) పేరిట రాగలక్షణము తెలుగున వెలసినది. సరస్వతీమహల్ గ్రంథాలయమున గీతములు, ఠాయములు మొదలగువాని స్వరలేఖనములు తెలుగులిపిలో రక్షింపబడినవి. ఎట్టయాపురమున సుబ్బరామదీక్షితులు (1839-1906) 1904లో ప్రకటించిన సంగీతసంప్రదాయప్రదర్శిని తెలుగుగ్రంథమే. గమకములకు ప్రత్యేకచిహ్నములు ఏర్పఱచి, ముత్తుస్వామి దీక్షితుల కృతులను, గీతములను, తానములను స్వరసహితముగా వ్రాసిన ఆ మహాగ్రంథము ప్రాచీనగానమును చేరుటకు మనకున్న గొప్ప వంతెన. మన యువకుడు దీనిని అనువాదమున గాక మూలముననే చదువగలడు. అన్యభాషీయుడైన పరిశోధకుడు ఏండ్లు వెచ్చించి సంపాదింపవలసిన అధికారము అతనికి పుట్టుకతో వచ్చినది. దానిని వినియోగించుకొనకపోవుట అతని లోపము. వినియోగించుకొను దారి చూపకపోవుట మన లోపము.

ఇందులకై మేము కొన్ని సూచనలు చేయుచున్నాము. ప్రాచీనగేయసాహిత్యముపై పరిశోధింపగోరు విద్యార్థికి తెలుగుశాఖనుండి ఒకరు, సంగీతశాఖనుండి ఒకరు మార్గదర్శకులుగా నుండుట మేలు. పదసాహిత్యమును, యక్షగానమును బోధించునపుడు కనీసము ఒక రచననైనను తాళము వేసి తరగతిలో చదివింపవలెను. కంఠము లేని అధ్యాపకుడును మాత్రలను చేతితో చూపగలడు. సంగీతవిద్యార్థులకు తాళపత్రలిపి పఠనమును, పాఠపరిష్కారసూత్రములను మనము నేర్పవలెను. తెలుగువిద్యార్థులకు స్వరస్థానములను, మేళవిభాగమును వారు నేర్పవలెను. సిద్ధాంతవ్యాసముతోపాటు గానప్రదర్శనమును కూడ పరిశోధనలో భాగముగా స్వీకరింపవలెను. ఆ ప్రదర్శనమునకు మేము చెప్పిన మూడంతస్తుల వివరణము జతపఱుపవలెను.

సీతారామపురమువంటి యూరినుండి వచ్చిన యువకునకు ప్రతిభ యున్నచో అది ఏదో యొక మార్గమున వెలుగును. కాని అతని ప్రశ్నకు విలువ యిచ్చు గురువు దొరకనిచో, ఆ ప్రశ్న అతనితోనే అణగిపోవును. అతడు వేయి సభలలో పాడవచ్చును; తాను పాడినదానిలో ఏది తాళ్ళపాకదో, ఏది నిన్నటిదో చెప్పలేడు. రాగిరేకులు నాలుగువందల యేండ్లు భాండారమున నిలిచినవి. చదువువారు వచ్చిన పిమ్మటగాని అవి సాహిత్యమునకు చేరలేదు. చదువుటయు పాడుటయు ఒక్కరియందు కలసిననాడే అవి సంగీతమునకు చేరును. అట్టివారిని తయారుచేయుట భాషాశాఖలును సంగీతశాఖలును కలసి చేయవలసిన పని.